ఇంగ్లండ్‌లో లీజ్‌హోల్డ్ ఫ్లాట్ లీజును పొడిగించుకోవడం ఎలా

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్ కొన్నవారికి సేల్ డీడ్‌లో ఫ్లాటుతో పాటు స్థలంలో అవిభాజ్య వాటా కూడా రాసి ఇస్తారు. ఇంగ్లండ్, వేల్స్ ప్రాంతాల్లో ఫ్లాట్ల విషయం సాధారణంగా అలా ఉండదు. అక్కడ మనం కొనేది లీజు మాత్రమే, అంటే ఆ ఫ్లాటును 99 ఏళ్లో, 125 ఏళ్లో, 999 ఏళ్లో అనుభవించే హక్కు. స్థలం, భవనం ఫ్రీహోల్డర్ అనే అసలు యజమాని పేరనే ఉంటాయి. లీజు గడువు ఏటా ఒక సంవత్సరం చొప్పున తరుగుతూ పోతుంది, దానితో పాటు ఫ్లాటు విలువా తగ్గుతుంది. రెడింగ్, స్లవ్, హౌన్స్‌లో, ఈస్ట్ హామ్ వంటి చోట్ల ఫ్లాట్లు కొన్న తెలుగు కుటుంబాల్లో చాలామంది మార్ట్‌గేజ్ వడ్డీని నెలనెలా లెక్క చూసుకుంటారు కానీ, లీజులో ఇంకెన్నేళ్లు మిగిలాయో అమ్మకానికి పెట్టేదాకా పట్టించుకోరు. అప్పటికి ఖర్చు రెట్టింపు అయి ఉండవచ్చు. అందుకే ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది తేదీ. ఆ తేదీని మీ చేతిలో ఉంచుకోవడం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇక్కడ చెప్పిన చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లకే వర్తిస్తుంది. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లలో ఆస్తి చట్టాలు వేరు.

మిగిలిన గడువును సరిగా లెక్కించడం

ముందుగా హెచ్‌ఎం ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైట్ నుంచి మీ ఫ్లాటు టైటిల్ రిజిస్టర్ తెప్పించుకోండి. దానికి కొద్ది పౌండ్ల రుసుము ఉంటుంది. అందులో లీజు క్లుప్త వివరాలు అనే భాగం కింద లీజు తేదీ, గడువు, పార్టీలు వంటి అంశాలు ఉంటాయి. చాలామంది పొరబడేది ఇక్కడే. లీజు మీద సంతకాలు జరిగిన తేదీ ఒకటి, గడువు మొదలైన తేదీ మరొకటి. ఉదాహరణకు లీజు 2009 మార్చిలో రాసినా, గడువు అనే వరుసలో "2008 జూన్ 24 నుంచి 99 ఏళ్లు" అని ఉండవచ్చు. జూన్ 24, మార్చి 25, సెప్టెంబర్ 29, డిసెంబర్ 25 అనేవి ఇంగ్లండ్‌లో పూర్వం నుంచి అద్దె చెల్లింపులకు పెట్టుకున్న త్రైమాసిక తేదీలు. ఒక ఎస్టేట్ మొత్తానికి ఒకే ప్రారంభ తేదీ పెట్టి, ఫ్లాట్లు అమ్ముడైనప్పుడల్లా లీజులు రాసుకుంటూ పోవడం బిల్డర్లకు అలవాటు. లెక్కకు వచ్చేది ఆ ప్రారంభ తేదీయే. పై ఉదాహరణలోని లీజు 2107 జూన్‌తో ముగుస్తుంది, 2027 జూన్‌లో 80 ఏళ్లకు చేరుతుంది. సంతకాల తేదీని పట్టుకుని 2028 దాకా వ్యవధి ఉందనుకున్నవారు వేల పౌండ్లు నష్టపోతారు.

రిజిస్టర్‌తో సరిపెట్టుకోకుండా లీజు పూర్తి ప్రతిని కూడా తెప్పించుకోవాలి. అందులో గ్రౌండ్ రెంట్ (స్థలానికి గాను ఫ్రీహోల్డర్‌కు కట్టే అద్దె) ఎంత, అది ఎన్నేళ్లకు ఒకసారి ఎంత పెరుగుతుంది, లీజులో మీరు, ఫ్రీహోల్డర్ కాక మేనేజ్‌మెంట్ కంపెనీ కూడా పార్టీగా ఉందా అనే మూడు విషయాలను చూసుకోండి. మూడో విషయం ఎందుకు అవసరమో నోటీసు దగ్గర తెలుస్తుంది.

80 ఏళ్ల గీత

గడువు పొడిగించినందుకు ఫ్రీహోల్డర్‌కు మనం చెల్లించే మొత్తాన్ని ప్రీమియం అంటారు. అందులో రెండు భాగాలు ఎప్పుడూ ఉంటాయి. మొదటిది, మిగిలిన గడువంతా ఫ్రీహోల్డర్‌కు రావలసిన గ్రౌండ్ రెంట్‌కు నేటి విలువ. రెండోది, గడువు ముగిశాక ఫ్లాటు ఫ్రీహోల్డర్ చేతికి తిరిగి రావలసి ఉండగా, అది మరో 90 ఏళ్లు వెనక్కి జరిగినందుకు పరిహారం. దీనిని లెక్కించడానికి ఏటా 5 శాతం రేటును వాడడం 2006లో ల్యాండ్స్ ట్రిబ్యునల్ ఇచ్చిన స్పోర్టెల్లీ తీర్పు నుంచి స్థిరపడింది. నోటీసు ఇచ్చిన రోజున లీజులో 80 ఏళ్లు లేదా అంతకంటే తక్కువ మిగిలి ఉంటే వీటికి మూడో భాగం తోడవుతుంది. అదే మ్యారేజ్ వాల్యూ. లీజు పొడిగించడం వల్ల ఫ్లాటు విలువలో కలిగే పెరుగుదలలోంచి మొదటి రెండు భాగాలను తీసివేయగా మిగిలేదే అది. అందులో సగం ఫ్రీహోల్డర్‌కు ఇవ్వాలని 2002 నాటి కామన్‌హోల్డ్ అండ్ లీజ్‌హోల్డ్ రిఫార్మ్ చట్టం నిర్ణయించింది. 80 ఏళ్లకు ఒక్క రోజు ఎక్కువ ఉన్నా ఈ భాగం సున్నా.

అంకెల్లో చూస్తే ఈ గీత ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది. ఒక ఫ్లాటుకు ఏడాదికి 200 పౌండ్ల గ్రౌండ్ రెంట్ ఉందని, అది పెరగదని, ఫ్రీహోల్డ్‌తో కలిపి ఆ ఫ్లాటు విలువ 3,00,000 పౌండ్లని, పొడిగించిన లీజుతో 2,97,000 పౌండ్లు పలుకుతుందని అనుకుందాం. 80 ఏళ్లకు కొంచెం ఎక్కువ మిగిలి ఉండగా నోటీసు ఇస్తే, గ్రౌండ్ రెంట్‌ను 6 శాతం చొప్పున, తిరిగివచ్చే విలువను 5 శాతం చొప్పున లెక్కించినప్పుడు ప్రీమియం సుమారు 9,300 పౌండ్లు అవుతుంది. రెండేళ్లు ఆలస్యం చేసి 78 ఏళ్ల దగ్గర ఇస్తే మొదటి రెండు భాగాలు కలిపి 9,900 పౌండ్ల వరకు ఉంటాయి. ఆ స్థితిలో పాత లీజుతో ఫ్లాటు విలువ 2,70,000 పౌండ్లని సర్వేయర్ (ఆస్తికి విలువ కట్టే నిపుణుడు) తేల్చాడనుకుంటే, 27,000 పౌండ్ల పెరుగుదలలోంచి ఆ 9,900 తీసివేయగా మ్యారేజ్ వాల్యూ 17,100 పౌండ్లు, అందులో సగం 8,550 పౌండ్లు అవుతుంది. మొత్తం 18,450 పౌండ్ల దగ్గర తేలుతుంది. మీ ఫ్లాటుకు అంకెలు వేరుగా ఉంటాయి, ముఖ్యంగా తక్కువ గడువు లీజు విలువ ఎంత అన్నదానిపై సర్వేయర్ల మధ్య వాదోపవాదాలు ఎక్కువ. అయినా రెండేళ్ల ఆలస్యానికి ప్రీమియం దాదాపు రెట్టింపు కావడం అరుదైన సంగతేమీ కాదు.

లీజు 85 ఏళ్ల కిందికి వచ్చిందంటే పని మొదలుపెట్టాలని నా సలహా. బ్యాంకులు కూడా తక్కువ గడువు ఉన్న లీజుల మీద మార్ట్‌గేజ్ ఇవ్వడానికి వెనకాడతాయి కాబట్టి, 70ల్లోకి జారిన ఫ్లాటును అమ్మడం, రీమార్ట్‌గేజ్ చేయడం రెండూ కష్టమవుతాయి.

రెండు దారులు

మొదటిది చట్టబద్ధమైన దారి. 1993 నాటి లీజ్‌హోల్డ్ రిఫార్మ్, హౌసింగ్ అండ్ అర్బన్ డెవలప్‌మెంట్ చట్టం ప్రకారం, మొదట 21 ఏళ్లకు మించిన గడువుతో ఇచ్చిన లీజు ఉన్న ఫ్లాటు యజమాని, మిగిలిన గడువుకు మరో 90 ఏళ్లు కలుపుకుని కొత్త లీజు కోరవచ్చు. గ్రౌండ్ రెంట్ ఆ రోజు నుంచి సున్నా అవుతుంది. ఇలాంటి కాగితాలు చూసే న్యాయవాదులైన సొలిసిటర్లు దీన్నే పెప్పర్‌కార్న్ రెంట్ అంటారు. ఫ్రీహోల్డర్‌కు ఇష్టం ఉన్నా లేకపోయినా ఇవ్వవలసిందే, ధర కుదరకపోతే ట్రిబ్యునల్ నిర్ణయిస్తుంది. ఇంతకుముందు ఫ్లాటు కొని రెండేళ్లు ఆగితే గానీ ఈ హక్కు వచ్చేది కాదు. 2025 జనవరి 31 నుంచి ఆ నిబంధన తొలగిపోయింది. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వ్యాపార లీజులకు ఈ హక్కు లేదు. నేషనల్ ట్రస్ట్, క్రౌన్ ఆస్తులకు, కొన్ని ధార్మిక హౌసింగ్ ట్రస్టుల ఫ్లాట్లకు నియమాలు వేరు. షేర్డ్ ఓనర్‌షిప్ కింద కొని ఇంకా నూటికి నూరు శాతం వాటా కొనుక్కోనివారు ముందుగా విడిగా సలహా తీసుకోవాలి.

రెండోది ఇద్దరూ మాట్లాడుకుని కుదుర్చుకునే దారి. "మీ లీజును మళ్లీ 125 ఏళ్లకు పెంచుతాం, ఇంత కట్టండి, నాలుగు వారాల్లో అయిపోతుంది" అని ఫ్రీహోల్డర్ ఏజెంట్ నుంచి ఉత్తరం వస్తుంది. ధర తక్కువగానే కనిపించవచ్చు. అయితే దానిలో ఎన్నేళ్లు వస్తున్నాయో, రెంట్ ఏమవుతోందో పరీక్షించకుండా ఒప్పుకోకూడదు. 79 ఏళ్ల లీజును 125కు పెంచితే వచ్చేది 46 ఏళ్లు మాత్రమే, చట్టం దారిలో అయితే 90 ఏళ్లు. 2022 జూన్ 30 నుంచి అమల్లోకి వచ్చిన గ్రౌండ్ రెంట్ చట్టం వల్ల పొడిగించిన భాగానికి రెంట్ వసూలు చేయకూడదు గానీ, మాట్లాడుకుని కుదుర్చుకున్న పొడిగింపులో పాత గడువు మిగిలినంత కాలం పాత రెంట్ కొనసాగవచ్చు. ఆ రెంట్ పదేళ్లకోసారి రెట్టింపయ్యే రకమైతే, ఫ్లాటు అమ్మే రోజున కొనేవారి సొలిసిటర్ మొదట పట్టుకునేది దాన్నే. ఇంకొక ప్రమాదం, ఈ దారిలో గడువు తేదీలంటూ ఏవీ ఉండవు. ఫ్రీహోల్డర్ నెలల తరబడి ఉత్తరాలు నడిపి, లీజు 80 దాటి కిందికి పోయాక ధర పెంచినా, మాట వెనక్కి తీసుకున్నా మీరు చేయగలిగింది ఏమీ లేదు. గడువు 80కి దగ్గరలో ఉన్నవారు బేరాలు ఎంత సాగినా సాగించండి, కానీ చట్టబద్ధమైన నోటీసు ముందు ఇచ్చిన తర్వాతే. నోటీసు అమలులో ఉండగా కూడా ఇద్దరూ రాజీకి రావచ్చు.

నోటీసు

దీనిని 42వ సెక్షన్ నోటీసు అంటారు. నోటీసు ఫ్రీహోల్డర్‌కు అందిన తేదీయే వాల్యుయేషన్ తేదీ. ఆ తర్వాత బేరం ఏడాది సాగినా మిగిలిన గడువు, ఫ్లాటు ధర ఆ రోజు నాటివే లెక్కకు వస్తాయి. ఇదే చట్టబద్ధమైన దారిలోని అసలు రక్షణ.

నోటీసు ముందు సర్వేయర్ ఫ్లాటు చూసి విలువ కట్టాలి. సర్వేయర్ల వృత్తి సంస్థ అయిన రిక్స్‌లో సభ్యత్వం ఉండి, ఆ ప్రాంతంలో లీజు పొడిగింపులు చేసిన అనుభవం ఉన్నవారినే ఎంచుకోండి. మార్ట్‌గేజ్ వాల్యుయేషన్ చేసేవారందరికీ ఇది తెలిసిన పని కాదు. సొలిసిటర్ విషయంలోనూ అంతే, ఇల్లు కొన్నప్పుడు కాగితాలు చూసిన సంస్థకు ఈ చట్టంలో పట్టు ఉందని అనుకోవద్దు. లీజ్‌హోల్డ్ పనులు చేసే సొలిసిటర్లు, సర్వేయర్ల సంఘమైన అలెప్ సభ్యుల జాబితాలో వెతకడం మంచిది. ప్రభుత్వ నిధులతో నడిచే లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ ఉచితంగా ప్రాథమిక సలహా ఇస్తుంది, దాని వెబ్‌సైట్‌లో ప్రీమియం అంచనాకు క్యాలిక్యులేటర్ ఉంది. అంచనాకు అది సరిపోతుంది, నోటీసులో పెట్టే అంకెకు మాత్రం చాలదు.

సర్వేయర్ వచ్చినప్పుడు ఫ్లాటులో మీరు చేయించిన మార్పులు చూపించండి. కొత్త వంటగది, మార్చిన బాత్రూమ్, డబుల్ గ్లేజింగ్ వంటివి మీ డబ్బుతో చేయించినవైతే, వాటి వల్ల పెరిగిన విలువను ప్రీమియం లెక్కలోంచి తీసివేయాలని చట్టమే చెబుతోంది. బిల్లులు, పాత ఫోటోలు ఉంటే ఫ్రీహోల్డర్ సర్వేయర్‌తో వాదించడానికి ఆధారం దొరుకుతుంది.

నోటీసులో మీ పేరు, ఫ్లాటు వివరాలు, లీజు వివరాలు, మీరు ఇవ్వజూపే ప్రీమియం, కోరే షరతులు, ఫ్రీహోల్డర్ జవాబు ఇవ్వవలసిన తేదీ ఉండాలి. ఆ తేదీ నోటీసు ఇచ్చిన రోజు నుంచి కనీసం రెండు నెలలు దూరంగా ఉండాలి. ప్రీమియంను బేరానికి వీలుగా కొంత తక్కువగా రాయడం మామూలే. కానీ వాస్తవానికి సంబంధం లేనంత తక్కువ రాస్తే నోటీసే చెల్లదని కోర్టులు చెప్పాయి, కాబట్టి సర్వేయర్ సమర్థించగల అంకె వేయించండి. ఫ్లాటు భార్యాభర్తలిద్దరి పేర్లమీద ఉంటే నోటీసు ఇద్దరి పేర్లమీదా వెళ్లాలి. 2014 నుంచి మీ తరఫున సొలిసిటర్ సంతకం చేయవచ్చు, కాబట్టి ఫ్లాటును అద్దెకిచ్చి ఇండియాకు తిరిగి వచ్చేసినవారు సంతకం కోసం విమానం ఎక్కనక్కర్లేదు. వారికి ఒక జాగ్రత్త చెప్పాలి. ఫ్రీహోల్డర్ పంపే కాగితాలు ఫ్లాటు చిరునామాకే చేరి, అద్దెకున్నవారి టేబుల్ మీద ఉండిపోయే ప్రమాదం ఉంది. నోటీసులోనే సొలిసిటర్ చిరునామా ఇచ్చి, అద్దెకున్నవారికీ ఉత్తరాలు ఫోటో తీసి పంపమని చెప్పి ఉంచండి.

నోటీసు ఎవరికి ఇవ్వాలన్నది సున్నితమైన విషయం. మీకు లీజు ఇచ్చిన యజమానికీ, అసలు ఫ్రీహోల్డర్‌కూ మధ్య హెడ్ లీజు (ఫ్రీహోల్డర్ నుంచి నేరుగా తీసుకున్న పై లీజు) ఉన్నవారు ఉండవచ్చు. 90 ఏళ్లు పొడిగించి ఇవ్వగలిగినంత హక్కు ఎవరికి ఉందో వారికి నోటీసు వెళ్లాలి. లీజులో మేనేజ్‌మెంట్ కంపెనీ మూడో పార్టీగా ఉంటే దానికీ ఒక ప్రతి ఇవ్వాలి. లీజు ప్రతిలో పార్టీలను చూసుకోమన్నది ఇందుకే. ఫ్రీహోల్డర్ ఆచూకీ దొరకకపోతే పని ఆగిపోదు. కౌంటీ కోర్టుకు వెళితే, ట్రిబ్యునల్ నిర్ణయించిన మొత్తాన్ని కోర్టులో జమచేసి కొత్త లీజు పొందవచ్చు.

నోటీసు ఇచ్చిన వెంటనే ల్యాండ్ రిజిస్ట్రీలో దానిని నమోదు చేయించమని సొలిసిటర్‌కు చెప్పండి. బేరం మధ్యలో ఫ్రీహోల్డ్ మరొకరికి అమ్ముడైపోయినా, కొత్తవారు మీ నోటీసుకు కట్టుబడి ఉండాలంటే ఈ నమోదు అవసరం.

నోటీసు తర్వాత తేదీలు

ఫ్రీహోల్డర్ మీ టైటిల్ రుజువు అడగవచ్చు, ఫ్లాటు చూడడానికి సర్వేయర్‌ను పంపవచ్చు, డిపాజిట్ కోరవచ్చు. డిపాజిట్ అంటే మీరు నోటీసులో రాసిన ప్రీమియంలో 10 శాతం లేదా 250 పౌండ్లు, ఏది ఎక్కువైతే అది. నోటీసు ఇచ్చే ముందే ఈ డబ్బు సిద్ధంగా పెట్టుకోండి.

నోటీసులోని తేదీలోగా ఫ్రీహోల్డర్ కౌంటర్ నోటీసు ఇవ్వాలి. సాధారణంగా అందులో హక్కును ఒప్పుకుని, ప్రీమియం మాత్రం చాలా ఎక్కువగా అడుగుతారు. ఆ అంకె చూసి కంగారు పడనవసరం లేదు, ఇద్దరు సర్వేయర్లు మాట్లాడుకుంటే మధ్యలో ఎక్కడో కుదురుతుంది. కౌంటర్ నోటీసు గడువులోగా రాకపోతే, ఆరు నెలల్లోపు కౌంటీ కోర్టుకు వెళ్లి మీరు నోటీసులో రాసిన షరతుల మీదే లీజు ఇప్పించమని కోరవచ్చు.

కౌంటర్ నోటీసు వచ్చాక రెండు నెలల్లో బేరం కుదరకపోతే, కౌంటర్ నోటీసు ఇచ్చిన రోజు నుంచి ఆరో నెల ముగిసేలోగా ఇద్దరిలో ఎవరైనా ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టాలి. ఇంగ్లండ్‌లో అది ఫస్ట్-టయర్ ట్రిబ్యునల్ ప్రాపర్టీ ఛాంబర్, వేల్స్‌లో లీజ్‌హోల్డ్ వాల్యుయేషన్ ట్రిబ్యునల్. ఇక్కడ ఏమరుపాటు తగదు. ఆరు నెలల్లో దరఖాస్తు పడకపోతే మీ నోటీసు ఉపసంహరించుకున్నట్లే లెక్క, మళ్లీ నోటీసు ఇవ్వడానికి 12 నెలలు ఆగాలి, ఆలోగా లీజు 80 కిందికి జారిపోవచ్చు. దరఖాస్తు పెట్టినంత మాత్రాన విచారణ దాకా వెళ్లాలని లేదు, చాలా కేసులు విచారణకు ముందే రాజీ అవుతాయి. అందుచేత ఐదో నెలలోనే దరఖాస్తు వేయించి, బేరం కొనసాగించడం క్షేమం. షరతులన్నీ కుదిరాక కొత్త లీజు మీద సంతకాలు పూర్తి చేయడానికి రెండు నెలలు, అది కాకపోతే కోర్టును ఆశ్రయించడానికి మరో రెండు నెలలు ఉంటాయి. ఈ నాలుగు నెలలు దాటినా నోటీసు పోయినట్లే. ఈ తేదీలన్నీ సొలిసిటర్ చూసుకుంటాడని వదిలేయకుండా మీ ఫోన్ క్యాలెండర్‌లో కూడా పెట్టుకోండి. మొత్తం వ్యవహారానికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు పట్టడం మామూలే.

ఖర్చులు

ప్రీమియం ఒక్కటే ఖర్చు అనుకుంటే పొరపాటు. మీ సొలిసిటర్, సర్వేయర్ ఫీజులతో పాటు, మీ హక్కును పరిశీలించడానికి, విలువ కట్టించడానికి, లీజు రాయించడానికి ఫ్రీహోల్డర్‌కు అయిన న్యాయమైన ఖర్చులు కూడా మీరే భరించాలి. మధ్యలో మానుకున్నా అప్పటిదాకా అయిన ఖర్చు కట్టాలి. ట్రిబ్యునల్‌లో వాదించుకోవడానికి ఫ్రీహోల్డర్ పెట్టిన ఖర్చు మాత్రం ఇందులోకి రాదు. మీరు భరించవలసిన ఫ్రీహోల్డర్ ఖర్చుల బిల్లు మరీ ఎక్కువగా ఉందనిపిస్తే దానినీ ట్రిబ్యునల్ ముందు ప్రశ్నించవచ్చు. బాకీ ఉన్న గ్రౌండ్ రెంట్, సర్వీస్ ఛార్జీలు పొడిగింపు పూర్తయ్యే నాటికి తీర్చి ఉండాలి. ఫ్లాటును అద్దెకిచ్చి, హైదరాబాద్‌లోనో మరెక్కడో ఇంకొక ఇల్లు ఉన్నవారు ప్రీమియం 40,000 పౌండ్లకు చేరుతుంటే స్టాంప్ డ్యూటీ గురించి ముందే అడగాలి. రెండో ఇంటి అదనపు పన్నుకు విదేశాల్లో ఉన్న ఇళ్లను కూడా లెక్కలోకి తీసుకుంటారు.

కొత్త చట్టం కోసం ఆగాలా

2024 మే 24న ఆమోదం పొందిన లీజ్‌హోల్డ్ అండ్ ఫ్రీహోల్డ్ రిఫార్మ్ చట్టంలో 90 ఏళ్లకు బదులు 990 ఏళ్ల పొడిగింపు, మ్యారేజ్ వాల్యూ రద్దు, చాలా సందర్భాల్లో ఎవరి ఖర్చులు వారే భరించడం వంటి నిబంధనలు ఉన్నాయి. వీటిని సవాలు చేస్తూ ఫ్రీహోల్డర్లు వేసిన కేసును 2025 అక్టోబరులో హైకోర్టు కొట్టివేసింది. అయినా ఈ భాగాలు 2025 ముగిసేనాటికి అమలులోకి రాలేదు. కాబట్టి నిర్ణయం తీసుకునే రోజున వీటి స్థితి ఏమిటో సొలిసిటర్‌ను తప్పక అడగండి.

నా అభిప్రాయం ఇది. 80 ఏళ్లకు పైన ఉండి ఆ గీతకు దగ్గరపడుతున్నవారు కొత్త చట్టం మీద ఆశతో గీత దాటిపోనివ్వకూడదు. అది సమయానికి రాకపోతే నష్టం మీది. ఇప్పటికే 80 కిందికి వెళ్లిపోయి, ఇంట్లోనే ఉంటూ, సమీప భవిష్యత్తులో అమ్మడం, రీమార్ట్‌గేజ్ చేయడం ఉద్దేశం లేనివారికి ఆగడంలో అర్థం ఉంది, మ్యారేజ్ వాల్యూ రద్దయితే ఎక్కువ లాభపడేది వారే. అమ్మాలనుకునేవారి సంగతి వేరు. వారు నోటీసు ఇచ్చి, దాని ప్రయోజనాన్ని కొనేవారికి ఫ్లాటుతో పాటే బదిలీ చేయవచ్చు. కొనేవారు ల్యాండ్ రిజిస్ట్రీలో తమ పేరు నమోదయ్యేదాకా ఎదురుచూడకుండా, పాత నోటీసు తేదీతోనే పని కొనసాగించుకుంటారు.

చివరి కాగితాలు

డబ్బు చెల్లించి సంతకాలయ్యాక, పాత లీజు స్థానంలో కొత్త లీజును సొలిసిటర్ ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు చేయిస్తాడు. చట్టబద్ధమైన దారిలో అయితే, ఇప్పటికే ఉన్న మార్ట్‌గేజ్ దానంతటదే కొత్త లీజుకు వర్తిస్తుంది. అయినా బ్యాంకుకు ముందుగా తెలియజేయాలి, మాట్లాడుకుని కుదుర్చుకున్న పొడిగింపుకు దాని అనుమతి తప్పనిసరి. సంతకానికి ముందు కొత్త లీజు ముసాయిదాను పాతదానితో వరుసగా పోల్చి చదవండి. చట్టం ప్రకారం పాత షరతులే కొనసాగాలి, చిన్న సవరణలకే అవకాశం ఉంది. అనుమతి ఫీజులో, అద్దెకివ్వడంపై కొత్త ఆంక్షలో చేర్చి ఉంటే ఒప్పుకోనక్కర్లేదు. నమోదు పూర్తయ్యాక కొత్త టైటిల్ రిజిస్టర్ ప్రతి తెప్పించుకుని, గడువు వరుసలో కలిపిన 90 ఏళ్లు, కొత్త లీజులో పెప్పర్‌కార్న్ రెంట్ ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ తర్వాత గ్రౌండ్ రెంట్ డిమాండ్ వస్తే, కొత్త లీజు ప్రతి జతచేసి తిప్పి పంపండి. సర్వీస్ ఛార్జీ మాత్రం మామూలుగానే కట్టాలి.